చివరి రెండేళ్ల చదువులో సైకాలజీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. పాఠశాల చివరి రెండేళ్లకు సబ్జెక్టులు ఎంచుకోవలసిన సమయం వచ్చింది. గణితం, జీవశాస్త్రం ఎలాగూ తీసుకుంటుంది. వాటితోపాటు సైకాలజీ కూడా కావాలని పట్టుబడుతోంది. వాళ్ల నాన్నగారికి ఇది ఇష్టం లేదు. అది అసలు శాస్త్రమే కాదనీ, దానితో ఎక్కడా సీటు రాదనీ అంటున్నారు. మా తమ్ముడు మాత్రం అది సులువైన సబ్జెక్టు, మార్కులు బాగా వస్తాయి, తీసుకోనివ్వమంటున్నాడు. నా బెంగ వేరు. అమ్మాయి చిన్న విషయానికి కూడా ఎక్కువగా ఆలోచిస్తుంది. కొన్ని నెలలుగా పరీక్షలంటే భయంతో సరిగ్గా నిద్రపోవడం లేదు. ఫోనులో చిన్న చిన్న వీడియోలు చూసి నాన్నకు నార్సిసిజం (తన గొప్పే తప్ప ఎదుటివారిని పట్టించుకోని తీరు) ఉందనీ, తనకు ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) ఉందనీ పేర్లు పెడుతోంది. ఈ చదువు వల్ల తనను తాను అర్థం చేసుకుని కుదుటపడుతుందా, లేక ఉన్న ఆలోచనలకు ఇవి తోడవుతాయా? — ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ఈ సబ్జెక్టు గురించి మీ ఇంట్లో తలా ఒక మాట అన్నారు గానీ, ఆ రెండేళ్లూ తరగతి గదిలో పిల్లలు నిజంగా ఏం చదువుతారు, పరీక్షలో ఏం రాస్తారు అన్న విషయం మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. అయితే నా అభిప్రాయం కోసం మిమ్మల్ని చివరిదాకా ఆగమనడం న్యాయం కాదు. గణితం, జీవశాస్త్రం పక్కన ఉన్నప్పుడు సైకాలజీ తీసుకోవడం వల్ల మీ అమ్మాయికి నష్టమేమీ లేదు. మనుషుల గురించి ఎవరైనా ఒక మాట అన్నప్పుడు ‘అది మీకెలా తెలిసింది’ అని అడిగే స్వభావం ఆమెకు ఉంటే లాభమే ఎక్కువ. కానీ నిద్రలేమికీ, పరీక్షల భయానికీ మందుగా ఈ సబ్జెక్టును ఎంచుకోకూడదు. ఆ సమస్యను దీని నుంచి విడదీసి, ముందుగా పట్టించుకోవాలి.

సైకాలజీ అంటే ఎదుటివారి మనసు చదివే విద్య అని కొందరు, మనసు బాగాలేనివారికి సంబంధించిన చదువు అని మరికొందరు అనుకుంటారు. పాఠశాల స్థాయి పుస్తకంలో మొదటిది అసలే ఉండదు, రెండోది ఒకటి రెండు అధ్యాయాలకు మించదు. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల నెలకొల్పిన నాటి నుంచి ఈ రంగం ప్రధానంగా పట్టుకున్న దారి, మనిషి చూడటం, గుర్తుపెట్టుకోవడం, నేర్చుకోవడం, భయపడటం, నలుగురిలో ఉన్నప్పుడు తీరు మార్చుకోవడం వంటివాటిని కొలవడానికి వీలైన రూపంలోకి తెచ్చి పరీక్షించడం. పాఠ్యప్రణాళికలు దేశానికొక తీరుగా ఉన్నప్పటికీ జ్ఞాపకం, అభ్యసనం, మెదడు, పిల్లల ఎదుగుదల, సమూహ ప్రభావం, మానసిక రుగ్మతలు, పరిశోధన పద్ధతులు అనే అంశాలు దాదాపు అన్నిచోట్లా కనబడతాయి. వీటిలో చివరిది పేరుకు ఒక అధ్యాయమే గానీ, మిగిలిన అధ్యాయాలన్నీ దాని మీదే నిలబడతాయి.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ అమ్మాయికి ఈ సబ్జెక్టు నప్పుతుందో లేదో తేల్చుకోవడానికి ఇది తరువాత కూడా పనికొస్తుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 45 మంది విద్యార్థులకు కారు ప్రమాదాల చిన్న చిన్న ఫిల్ములు చూపించి, ఆ కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయో అంచనా వేయమన్నారు. ప్రశ్న అందరికీ ఒకటే. అందులో ఒక్క క్రియాపదాన్ని మాత్రం ఒక్కో జట్టుకు ఒక్కో విధంగా మార్చారు. కార్లు ఒకదానికొకటి ‘తగిలినప్పుడు’ అన్న అర్థంలో అడిగితే వచ్చిన సగటు అంచనా గంటకు దాదాపు 32 మైళ్లు. ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ అన్న అర్థంలో అడిగితే 40 మైళ్లు దాటింది. చూసిన ఫిల్ములు అవే, మారింది అడిగిన మాట ఒక్కటే.

ఇక్కడ తెలివైన విద్యార్థికి ఒక అనుమానం రావాలి. ప్రశ్నలోని మాట జ్ఞాపకాన్ని నిజంగా మార్చిందా, లేక తెలియని వేగానికి ఏదో ఒక అంకె చెప్పవలసి వచ్చినప్పుడు ఆ మాట అంకెను పైకి నెట్టిందా? ఈ రెండూ వేరు వేరు విషయాలు. పరిశోధకులకు కూడా ఇదే అనుమానం వచ్చింది. అందుకే రెండో ప్రయోగంలో 150 మందికి ఒక ప్రమాదం ఫిల్ము చూపించి, 50 మంది చొప్పున మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టును ‘నుజ్జయిన’ అన్న మాటతోనూ, ఇంకో జట్టును మామూలుగా ‘ఢీకొన్న’ అన్న మాటతోనూ వేగం గురించి అడిగారు. మూడో జట్టును వేగం సంగతే అడగలేదు. వారం తరువాత అందరినీ మళ్లీ పిలిచి, ‘మీరు పగిలిన గాజు చూశారా’ అని ప్రశ్నించారు. ఫిల్ములో పగిలిన గాజు లేనే లేదు. అయినా మొదటి జట్టులో 16 మంది చూశామన్నారు. రెండో జట్టులో 7 గురు, మూడో జట్టులో 6 గురు అలా అన్నారు. న్యాయస్థానాల్లో ప్రత్యక్ష సాక్షిని ఏ మాటలతో ప్రశ్నించాలన్న చర్చలో ఈ ప్రయోగం నేటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది.

ఇంతవరకూ ఆసక్తికరమైన కథ. కథ దగ్గరే ఆగిపోయే పిల్లలకు ఈ సబ్జెక్టు కొన్ని నెలల్లోనే విసుగు పుట్టిస్తుంది, ఎందుకంటే పరీక్షలో అడిగేది ఆ తరువాతి సంగతులు. పరిశోధకులు కావాలని మార్చింది ఏమిటి, కొలిచింది ఏమిటి, మారకుండా పట్టి ఉంచింది ఏమిటి? పాల్గొన్నవారంతా విద్యార్థులే అయినప్పుడు, కారు నడిపిన అనుభవం పెద్దగా లేనివారి అంచనాను ఏళ్ల తరబడి నడిపినవారికి వర్తింపజేయవచ్చా? తెర మీద ప్రమాదం చూసేవాడికి, కళ్లెదుట ప్రమాదం జరిగినప్పుడు కలిగే భయం ఉండదు కదా, ఆ భయం జ్ఞాపకాన్ని ఏ వైపు మారుస్తుంది? ‘ఈ అధ్యయనం చాలా బాగుంది’ అని రాసిన విద్యార్థికి మార్కు పడదు. ‘ఈ కారణం చేత ఈ ఫలితాన్ని ఇంతవరకే నమ్మవచ్చు’ అని రాసినవారికి పడుతుంది. మీ అమ్మాయి ఇటువంటి ప్రశ్నలను ఇష్టంగా తవ్వుతుందా, లేక కథ అయిపోగానే తరువాతి వీడియోకు వెళ్లిపోతుందా అన్నదే అసలు పరీక్ష.

తరగతిలో ప్రయోగాలు కూడా ఉంటాయి. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన ప్రయోగాన్ని ఏదో ఒక రూపంలో చేయించని సైకాలజీ తరగతి అరుదు. ‘ఎరుపు’ అనే మాటను ఆకుపచ్చ సిరాతో, ‘నీలం’ అనే మాటను పసుపు సిరాతో ముద్రించిన జాబితా ఇచ్చి, మాటలను చదవకుండా సిరా రంగులను మాత్రమే పైకి చెప్పమంటారు. చదవడం వచ్చిన మనిషికి మాటను చదవకుండా ఉండటం ఎంత కష్టమో మొదటి వరుసలోనే తెలిసిపోతుంది. నాలుక తడబడుతుంది, సమయం పెరుగుతుంది. చిక్కంతా దీన్ని ప్రయోగంగా తీర్చిదిద్దడంలో ఉంది. అందరూ ముందు మాటా సిరా రంగూ ఒకటే అయిన సులువైన జాబితా, తరువాత కష్టమైన జాబితా చెబితే, రెండోసారి ఆలస్యమైనది సిరా వల్లనా, అలసట వల్లనా అన్నది తేలదు. కాబట్టి సగం మందికి వరుస తారుమారు చేయాలి. ఒక కుర్రవాడు మధ్యలో నవ్వు ఆపుకోలేక రెట్టింపు సమయం తీసుకున్నాడనుకోండి, అతని ఒక్క అంకె తరగతి సగటును లాగేస్తుంది. అప్పుడు సగటును వాడాలా, మధ్యగతాన్ని (అంకెలను వరుసగా పేర్చితే నడుమ వచ్చేదాన్ని) వాడాలా, అతని అంకెను తీసివేసే హక్కు మనకు ఉందా అని ఆలోచించాలి. ఆ తరువాత ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, లెక్కగట్టాలి, గ్రాఫు గీయాలి, రెండు జాబితాల మధ్య తేడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండవచ్చా అన్నది గణాంక పరీక్షతో చూడాలి.

గణితం తప్పించుకోవడానికి సైకాలజీ తీసుకునే పిల్లలు ఎక్కడ చూసినా కొందరు ఉంటారు, వారు కంగుతినేది ఇక్కడే. ఉదాహరణకు ఇంగ్లండులో పాఠశాల చివరి రెండేళ్ల చదువైన ఏ-లెవెల్ సైకాలజీలో కనీసం 10 శాతం మార్కులు గణిత నైపుణ్యాలకే కేటాయించాలన్న నియమం ఉంది. మీ అమ్మాయి గణితం ఎలాగూ చదువుతోంది కాబట్టి ఆమెకు ఇది భారం కాదు. గణాంకాలు ఎందుకు నేర్చుకుంటున్నామో తెలియక విసుక్కునే పిల్లల కంటే ఆమె పరిస్థితి మెరుగే. జీవశాస్త్రం తోడు కూడా అటువంటిదే. మూర్ఛవ్యాధికి చికిత్సగా 1953లో హెన్రీ మొలైసన్ అనే వ్యక్తికి చేసిన శస్త్రచికిత్సలో మెదడుకు ఇరుపక్కలా, కొత్త జ్ఞాపకాలు ఏర్పడటానికి తోడ్పడే హిప్పోకాంపస్‌లో చాలా భాగం తొలగించారు. ఆ తరువాత 2008లో మరణించేదాకా ఆయనకు కొత్త సంఘటనలేవీ గుర్తుండలేదు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం వంటి చేతి నైపుణ్యాన్ని మాత్రం రోజురోజుకూ మెరుగుపరచుకున్నాడు. తాను అది సాధన చేసినట్టు ఆయనకు జ్ఞాపకమే ఉండేది కాదు. జ్ఞాపకమన్నది ఒకే ఒక్క శక్తి కాదని తేల్చడంలో ఈ ఒక్క మనిషి పాత్ర ఎంతో పెద్దది. మెదడు నిర్మాణాన్ని ఒక తరగతిలో, ఈ రోగి కథను ఇంకో తరగతిలో చదివే విద్యార్థికి రెండూ బాగా నిలుస్తాయి.

ఇక మీవారి అభ్యంతరం. సైకాలజీ శాస్త్రం కాదన్న మాటను నేను ఒప్పుకోను గానీ, ఆ మాట వెనుక ఉన్న అనుమానం సగం న్యాయమైనదే. 2015లో ఒక పెద్ద పరిశోధక బృందం పేరున్న సైకాలజీ పత్రికల్లో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. మొదటిసారి వాటిలో 97 శాతం గణాంకపరంగా చెప్పుకోదగ్గ, అంటే యాదృచ్ఛికమని కొట్టిపారేయలేని, ఫలితం చూపినవే. రెండోసారి అటువంటి ఫలితం దాదాపు 36 శాతానికే వచ్చింది. ప్రసిద్ధమైన ప్రయోగాల పరిస్థితి కూడా ఇలాగే ఉంది. ఫిలిప్ జింబార్డో 1971లో స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థులను ఖైదీలుగా, కాపలాదారులుగా విడదీసి నడిపిన ఉత్తుత్తి జైలును రెండు వారాలు సాగించాలనుకుని 6 రోజులకే ఆపేశారు. అధికారం చేతికి వస్తే మామూలు మనుషులు తమంతట తామే క్రూరులైపోతారని దశాబ్దాల పాటు పుస్తకాలు దీన్ని సాక్ష్యంగా చూపాయి. తరువాత బయటికి తీసిన రికార్డింగులను బట్టి, కాపలాదారులు కఠినంగా ఉండాలని నిర్వాహకులే ప్రోత్సహించినట్టు తెలిసింది.

ఈ సంగతులు బయటపెట్టింది గిట్టనివారు కాదు, ఎక్కువగా ఆ రంగంలోని వారే. తన పాత ఫలితాలను తానే తిరగదోడి, తప్పయితే తప్పని అచ్చువేసుకునే రంగాన్ని శాస్త్రం కాదనడానికి నాకు మనసొప్పదు. అయితే పాతబడిన పాఠ్యపుస్తకంలో జింబార్డో కథను ఏ విమర్శా లేకుండా చదివిన విద్యార్థికి అందేది శాస్త్రం కాదన్న మాట కూడా అంతే నిజం. అందుచేత మీవారు అడగవలసిన ప్రశ్న ‘ఇది శాస్త్రమా’ అని కాదు. ‘ఈ పాఠశాలలో దీన్ని శాస్త్రంలా చెబుతారా’ అని. అది ఉపాధ్యాయుల మీద ఆధారపడి ఉంటుంది, ఒకసారి వెళ్లి కలిస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

సులువైన సబ్జెక్టన్న మీ తమ్ముడి మాటను పక్కన పెట్టవచ్చు. భాష సులువుగా ఉంటుంది, విషయం మనకు తెలిసినదే అనిపిస్తుంది, అందుకే మొదటి నెలలో పిల్లలు తేలికగా తీసుకుంటారు. తరువాత పేర్లు, సంవత్సరాలు, ఒక్కో సిద్ధాంతానికి అనుకూలంగా ఒకటి, వ్యతిరేకంగా ఒకటి చొప్పున అధ్యయనాలు పోగుపడతాయి. వాటిని గడియారం చూసుకుంటూ పొందికైన వ్యాసంగా మలచడం కష్టమైన పనే. బాగా రాయగలిగిన పిల్లలకు మంచి మార్కులు వస్తాయన్నది నిజం, అది రాత వల్ల వచ్చినదే తప్ప సబ్జెక్టు తేలిక కావడం వల్ల వచ్చినది కాదు.

ఒక ప్రయోజనం మాత్రం మిగిలిన సబ్జెక్టులకూ పాకుతుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక జట్టు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో జట్టు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాసింది. 5 నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తరువాత పరీక్షిస్తే చదివినవారికి దాదాపు 40 శాతం, గుర్తుచేసుకున్నవారికి దాదాపు 61 శాతం జ్ఞాపకం ఉంది. పరీక్ష ముందు రాత్రి పుస్తకాన్ని అదేపనిగా తిరగేసే పిల్లలకు అంతా వచ్చేసినట్టు ఎందుకు అనిపిస్తుందో, పరీక్ష గదిలో ఎందుకు జారిపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పరీక్షల భయం ఉన్న మీ అమ్మాయికి ఈ ఒక్క అధ్యాయం, ఆచరణలో పెడితే, నిజంగా ఉపకరిస్తుంది.

సీటు, ఉద్యోగం సంగతి త్వరగా చెప్పేస్తాను. చాలాచోట్ల విశ్వవిద్యాలయంలో సైకాలజీ చదవడానికి పాఠశాలలో సైకాలజీ చదివి ఉండాలన్న షరతు ఉండదు. గణితమో, ఏదో ఒక విజ్ఞానశాస్త్రమో ఉండాలని అడిగే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, అవి మీ అమ్మాయికి ఉన్నాయి. మానసిక వైద్యులు కావాలంటే మాత్రం ముందు వైద్యవిద్య చదవాలి, దానికి సాధారణంగా రసాయనశాస్త్రం కావాలి, సైకాలజీ దానికి బదులు కాదు. ఆ ఆలోచన ఏ మూలనైనా ఉంటే సబ్జెక్టులు ఖరారు చేసే ముందే చూసుకోవాలి. మానసిక సమస్యలకు ప్రధానంగా మాటల ద్వారా చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి డిగ్రీ ఒక్కటే చాలదు, ఆపై చదువు, పర్యవేక్షణలో శిక్షణ కావాలి. కాబట్టి పాఠశాలలో ఈ సబ్జెక్టు చదవడం ఆ వృత్తికి తొలి పరిచయం మాత్రమే. అటు వెళ్లకుండా ఉపాధ్యాయ వృత్తి, న్యాయశాస్త్రం, నర్సింగ్, సిబ్బంది నిర్వహణ వంటి వాటిలోకి వెళ్లినా మనుషుల గురించిన సాక్ష్యాన్ని తూచడం వచ్చినవారికి అది వృథా పోదు.

ఇప్పుడు మీ అసలు బెంగ. మానసిక రుగ్మతల అధ్యాయం చదివేటప్పుడు ప్రతి లక్షణమూ తమలోనే ఉన్నట్టు పిల్లలకు అనిపించడం కొత్తేమీ కాదు. వైద్య విద్యార్థుల్లో ఇది ఎంతో కాలంగా అందరికీ తెలిసిన సంగతే. మీ అమ్మాయి ఇప్పటికే వీడియోల వల్ల ఆ స్థితిలో ఉంది. చిత్రమేమిటంటే, సబ్జెక్టును సరిగ్గా చెబితే ఈ పేర్లు పెట్టే అలవాటు పెరగడం కంటే తగ్గే అవకాశమే ఎక్కువ. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రచురించిన డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతలను గుర్తించడానికి వైద్యులు వాడే పుస్తకం) ప్రకారం నార్సిసిస్టిక్ వ్యక్తిత్వ రుగ్మత అని చెప్పడానికి 9 లక్షణాలలో కనీసం 5 ఉండాలి. అవి యౌవనం తొలినాళ్ల నుంచి, ఇంట్లో, పనిలో, స్నేహాల్లో, అన్నిచోట్లా స్థిరంగా కనబడాలి. సబ్జెక్టు విషయంలో కూతురి మాట వినని తండ్రికి ఆ పేరు పెట్టడానికి ఇందులో ఎక్కడా చోటు లేదు. ఏడీహెచ్‌డీకి కూడా అంతే: లక్షణాలు కొన్ని 12 ఏళ్లలోపే కనబడి ఉండాలి, ఇల్లు, బడి వంటి కనీసం రెండు చోట్ల ఉండాలి. కొన్ని నెలలుగా నిద్ర చాలని పిల్లకు చదువు మీద ధ్యాస నిలవకపోవడానికి ఆ నిద్రలేమే కారణం కావచ్చు.

అలాగని ఆమె మాటను నవ్వి కొట్టిపారేయకండి. ఇంట్లో పెట్టే పేర్లు చాలాసార్లు చెప్పుకోవడానికి వేరే మాట దొరకక పెట్టేవి. ‘నాన్నకు నార్సిసిజం’ అన్నప్పుడు ‘నాన్న ఏం చేసినప్పుడు నీకు అలా అనిపించింది’ అని అడగండి. జవాబుగా ఒక సంఘటన వస్తుంది, మీరు మాట్లాడుకోవలసింది దాని గురించి. ఇది వీడియోలు మానిపించడం కంటే బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

నిద్ర విషయం మాత్రం పాఠ్యపుస్తకానికి వదలకూడదు. నెలల తరబడి నిద్ర సరిగా లేదంటే సబ్జెక్టుల నిర్ణయం కోసం ఆగకుండా ఇప్పుడే వైద్యునికి చూపించండి, అవసరమైతే ఆయన సలహా మీద క్లినికల్ సైకాలజిస్టును కలవండి. పరీక్షల భయం వంటి ఆందోళనకు ఆలోచనా ప్రవర్తనా చికిత్స (భయం పెంచే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే పద్ధతి) బాగా పనిచేస్తుందనడానికి గట్టి సాక్ష్యం ఉంది. తిండి మానేయడం, బడికి వెళ్లనని మొండికేయడం, బతకాలని లేదనే మాట రావడం వంటివి కనబడితే ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. తన మనసును తాను బాగుచేసుకోవడానికే ఈ సబ్జెక్టు కావాలని ఆమె అంటే, తరగతిలో ఉపాధ్యాయులు పాఠం చెబుతారు గానీ చికిత్స చేయరన్న సంగతి ముందే స్పష్టంగా చెప్పండి. వియోగం, వేధింపు, ఆత్మహత్య వంటి అంశాలు పాఠాల్లో వస్తాయి. అవి ఎప్పుడు వస్తాయో ముందుగా తెలుసుకుని, ఇబ్బందిగా ఉంటే చెప్పగలిగేలా ఉపాధ్యాయులతో ఒక మాట అనుకుని ఉండటం మంచిది.

ఇంకో సంగతి, ఇది ఉత్సాహం ఎక్కువైన పిల్లల గురించి. ప్రయోగాలు నేర్చుకోగానే స్నేహితుల మీద, తమ్ముళ్ల మీద ప్రయత్నించాలనిపిస్తుంది. స్టాన్లీ మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో, ఎదుటి గదిలోని మనిషికి కరెంటు షాకులు ఇస్తున్నామని నమ్మిన 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. షాకులు నిజం కాదు, అవతలి మనిషి ముందే మాట్లాడుకున్న వ్యక్తి. కానీ పాల్గొన్నవారి చెమటలు, వణుకు నిజమైనవే. అటువంటివి చూశాకే పాల్గొనేవారి అంగీకారం తీసుకోవడం, ఎప్పుడైనా మానేసే హక్కు ఇవ్వడం, చివర్లో నిజం చెప్పడం వంటి నియమాలు గట్టిపడ్డాయి. పాఠశాల ప్రాజెక్టుకైనా ఇవే వర్తిస్తాయి, మార్కులు కూడా ఉంటాయి.

ఇక చేయవలసింది చెబుతాను. పైన రాసిన కారు ప్రమాదాల ప్రయోగాన్ని మీ అమ్మాయి చేత చదివించి, మీరు గానీ మీవారు గానీ, మీవారైతే మరీ మంచిది, పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు వేయండి: రెండో ప్రయోగం ఎందుకు అవసరమైంది, మూడో జట్టును వేగం ఎందుకు అడగలేదు, ఈ ఫలితాన్ని తప్పు అని నిరూపించాలంటే నువ్వేం చేస్తావు. సరైన జవాబులు రాకపోయినా ఫరవాలేదు. మూడో ప్రశ్న దగ్గర ఆమె కాగితం, పెన్ను అందుకుంటే సందేహించకుండా తీసుకోనివ్వండి. ‘ఇవన్నీ ఎందుకు, నాకు మనుషుల గురించి తెలుసుకోవాలని ఉంది అంతే’ అంటే ఆ కోరిక మంచిదే గానీ, దాన్ని ఈ సబ్జెక్టు తీర్చకపోవచ్చు. సాహిత్యమో చరిత్రో అంతకంటే బాగా తీర్చవచ్చు.

పాఠశాలకు వెళ్లినప్పుడు ఉపాధ్యాయులు సైకాలజీలో శిక్షణ పొందినవారేనా, గడిచిన ఏడాది పిల్లలు ఏ ప్రయోగాలు చేశారు, వాటి నివేదికలు ఒకటి రెండు చూపించగలరా అని అడగండి. నివేదికలో అంకెల పట్టిక, గ్రాఫు, ‘మా ప్రయోగంలో లోపాలు’ అన్న భాగం ఉంటే ఆ తరగతి సవ్యంగా నడుస్తున్నట్టే. నిర్వచనాలు అప్పజెప్పించే తరగతి అయితే మీవారి మాటకే నా ఓటు. తరగతులు మొదలైన తరువాత కొద్ది వారాల్లోపు సబ్జెక్టు మార్చుకునే వీలు చాలా పాఠశాలల్లో ఉంటుంది. ఆ గడువు ఎప్పటిదాకానో, మార్చుకుంటే బదులుగా ఏ సబ్జెక్టులో ఖాళీ దొరుకుతుందో ఫారం నింపే ముందే రాతపూర్వకంగా కనుక్కోండి.